ఆ ఒక్క లైను కొట్టేయండి

మా చిన్నమ్మ కొడుకు దుబాయ్ నుంచి ఛుట్టీ మీద బోధన్ వచ్చాడు. ఈమధ్య ఓ రాత్రి వాట్సాప్‌లో ఓ ల్యాబ్ రిపోర్టు ఫొటో పంపాడు. హెర్పిస్ ఐజీఎం అన్న లైను కింద ఎర్ర పెన్నుతో గీత, పక్కన పాజిటివ్. వెనకాలే వాయిస్ మెసేజ్: "అన్నా, నన్ను మెడికల్‌ల అన్‌ఫిట్ కొడ్తరా?"

తొడ సందుల్లో దురద, మంట. పొక్కుల్లేవు, పుండు లేదు. ఎవరో భయపెడితే వెళ్లి రక్తమిచ్చాడు. ఇప్పుడు నడుం నొప్పి అని చెప్పి వరండాలో మంచం వేసుకుంటున్నాడు. ఏళ్ల తర్వాత ఇల్లు చేరిన మనిషి, పెళ్లాం పక్కకు వెళ్లడానికి భయపడుతున్నాడు.

మెడికల్ భయం ముందు తీర్చాను. గల్ఫ్ మెడికల్‌లో చూసేది హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్, ఛాతీ ఎక్స్‌రేలో టీబీ లాంటివి. హెర్పిస్ అందులో లేదు. కానీ ఆ ఐజీఎం లైను చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ పరీక్ష వైరస్ ఒకటో రకమా రెండో రకమా చెప్పలేదు. కొత్తగా సోకిందా పాతదా చెప్పలేదు. ఏమీ లేనివాళ్లకూ పాజిటివ్ చూపిస్తుంది. అమెరికా సీడీసీ దాన్ని వాడొద్దనే చెబుతుంది. అయినా మన దగ్గర గర్భం నిలవని ఆడపిల్లలకు రాసే టార్చ్ పరీక్షలో అదే లైను, జ్వరమని వెళ్లినవాడి ప్యాకేజీలో అదే లైను. వాడొద్దన్న పరీక్షకు డబ్బు తీసుకుని కాపురాల మధ్య కాగితం పెడుతున్నారు.

నేనుండేది సియాటెల్. హెర్పిస్ రక్త పరీక్షలకు గీటురాయిగా చెప్పే వెస్టర్న్ బ్లాట్‌ను తీర్చిదిద్దింది ఈ ఊరి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లోనే. ఇక్కడి డాక్టర్లకు ఓ మంచి అలవాటుంది: పుండు లేకపోతే ఊరికే హెర్పిస్‌కు రక్తం తీయరు. లక్షణాలు లేనివాళ్లకు ఈ పరీక్ష చేయొద్దని 2023లో ఇక్కడి నిపుణుల బృందం మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది.

అలాగని ఇక్కడంతా సవ్యమేమీ కాదు. ఐజీఎం కన్నా మేలైన ఐజీజీ పరీక్షలో కూడా అంకె 1.1 దాటితే పాజిటివ్ అంటారు. 3 లోపు వస్తే మరో పద్ధతిలో తేల్చుకోవాలని సీడీసీ 2021లోనే రాసింది. ఆ తర్వాత 2023 నవంబరులో ఎఫ్‌డీఏ సైతం రెండో రకం హెర్పిస్ పరీక్షల్లో తప్పుడు పాజిటివ్‌లు వస్తున్నాయని హెచ్చరించింది. కాబట్టి మన ఊళ్లను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. మన ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్కులున్నాయి. పుండు చూసి, హెర్పిస్ అనిపిస్తే ఎసైక్లోవిర్ మాత్రలున్న ఎర్ర కిట్టు పైసా తీసుకోకుండా చేతిలో పెడతారు. ఇక్కడ ఇన్సూరెన్స్ లేనివాడికి అంత సులువు కాదు.

ఈ 1.1 సంగతి చెబితే తమ్ముడికి అర్థం కాలేదు. శక్కర్‌నగర్ కాంటా గుర్తు చేశాను. నిజాం షుగర్స్ గేటు దగ్గర చెరుకు బండి తూకం మీద నాన్నకు అనుమానం వస్తే ఇంకో కాంటా మీద పెట్టించేదాకా కదిలేవాడు కాదు. ముల్లు గీత దగ్గరే ఊగుతుంటే తూకం తేలినట్టు కాదు, ఇదీ అంతే అన్నాను. "చెరుకు పోతే పైసలే పోతయి అన్నా, ఇది ఇజ్జత్" అన్నాడు. జవాబు తోచలేదు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. క్రషింగ్ రోజుల్లో ఊరంతా కమ్ముకునే మొలాసిస్ వాసన, జ్వరం తగ్గాక అమ్మ పెదవి మీద లేచే పొక్కులు, వాటికి వేలితో వెన్న రాసుకుంటూ పొయ్యి ముందు కూర్చునే అమ్మ, అన్నీ ఒక్కసారి ముసురుకున్నాయి. ఆ మూతిపొక్కులు కూడా సాధారణంగా హెర్పిస్సే, ఒకటో రకం. 50 ఏళ్లలోపు వాళ్లలో నూటికి 64 మందికి అది ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. అమ్మను ఎవరూ ఇజ్జత్ అడగలేదు. ఆ వైరస్‌కు తోబుట్టువు నడుం కింద కనిపిస్తే మాత్రం మనిషి వరండా పాలవుతాడు.

చర్మం డాక్టరుకు చూపించమన్నాను. పొక్కు లేస్తే ఒకటి రెండు రోజుల్లో, అది పచ్చిగా ఉండగానే స్వాబ్ తీయించి పీసీఆర్ చేయించాలని, సోకిందేమోనని అనుమానమున్న కలయిక నుంచి 12 వారాలు దాటకపోతే ఐజీజీ నెగెటివ్‌ను కూడా నమ్మొద్దని చెప్పాను. వెళ్లాడు. డాక్టర్ చూసి తామర అన్నాడట, ఎండకూ చెమటకూ వచ్చింది. మందు రాసిచ్చాడు. మూడోనాడే దురద తగ్గింది.

అయినా నిన్న మళ్లీ ఫోన్. "మరి కాగితం మీద పాజిటివ్ అని ఉంది గదా అన్నా, హైదరాబాద్‌ల ఇంకోసారి చేయిస్త." వద్దన్నాను. వినేలా లేడు. చేయించుకునే తీరతానంటే ఐజీజీ ఒక్కటే రాయించుకో, చీటీ మీద ఐజీఎం కనిపిస్తే చెయ్యి చాపకుండా లేచి రా అన్నాను. ముందు ఆ మంచం లోపలికి తీసుకెళ్లమన్నాను.