మాత్రలు లెక్కపెట్టే పంతులు



ముప్ఫై రెండేళ్ళు నల్లబల్ల మీద గురులఘువులు గుర్తించి, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని పిల్లలచేత లెక్కపెట్టించినవాణ్ణి. పదవీ విరమణానంతరం నాకు మిగిలిన మాత్రలు వేరు. ఉదయం ఒకటి, మంట హెచ్చితే రాత్రి మరొకటి. పదకొండేళ్ళుగా సాగుతున్న ఈ లెక్కకు శస్త్రచికిత్సతో స్వస్తి చెప్పాలా, వద్దా అన్న మీమాంసలోనే 2024 సంవత్సరం గడిచిపోయింది. ఇదే సందేహంలో ఉన్నవారికి అక్కరకు వస్తుందేమోనని ఈ టపా.

ఈ వ్యాధి కొత్తది కాదు. మాధవనిదానం దీనిని ఆమ్లపిత్తమని పేర్కొని, ఊర్ధ్వగమనీ అధోగమనీ విభజించింది. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట ఒక కండరవలయం ఉంటుంది. అన్నం దిగేటప్పుడు తెరుచుకొని, దిగగానే మూసుకోవడం దాని ధర్మం. అది సడలితే ఆమ్లం ఎగదన్నుతుంది. మనం మింగే మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే గాని, ఆ తలుపును బిగించదు. తలుపును బిగించేది శస్త్రచికిత్స. జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కండువాలా చుట్టి కుట్టే ఈ పద్ధతిని రుడాల్ఫ్ నిస్సెన్ అనే శస్త్రవైద్యుడు 1956లో ప్రకటించాడు. 1991 నుండి చిన్న రంధ్రాల ద్వారా కూడా చేస్తున్నారు.

నన్ను ఆ దిక్కుకు నెట్టినది మంట కాదు, గొంతు. 2024 ఉగాదినాడు మా ఊరి కవిసమ్మేళనంలో పద్యమెత్తుకున్నాను. రెండవ పాదానికే గొంతు జీరబోయింది. ముందు వరుసలో నా పూర్వవిద్యార్థులు తలలు వంచుకొన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "నాన్నగారూ, మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారట, చేయించేసుకోండి" అన్నాడు మా అబ్బాయి. "కత్తి మాట ఎత్తావంటే ఒప్పుకోను" అన్నది వాళ్ళమ్మ.

మా పాఠశాలలో లెక్కలు చెప్పిన మాస్టారు అప్పటికే ఆ చికిత్స చేయించుకొని ఉన్నారు. ఆయనకు జీర్ణాశయంలో చాలా భాగం ఛాతీలోనికి జారింది. మాత్రలు వేసుకొన్నా రాత్రివేళ తిన్నది గొంతులోకి వచ్చి ఉక్కిరిబిక్కిరయ్యేవారు. ఇప్పుడు హాయిగా పడుకొంటున్నారు. "కొన్ని వారాలు జావలు, మెత్తని అన్నమే. ఇప్పటికీ ముద్ద నెమ్మదిగా మింగాలి. మరొకటి, పంతులుగారూ, త్రేన్పు రాదు. పొట్ట ఉబ్బి కూర్చుంటుంది" అన్నారు. విందు ముగిశాక బ్రేవుమని త్రేన్చి అన్నదాతా సుఖీభవ అనలేని బ్రాహ్మణుణ్ణి ఊహించుకొని ఇద్దరమూ నవ్వుకొన్నాము. ఆయన మాత్రం చేయించుకొన్నందుకు చింతించడం లేదు.

శస్త్రవైద్యులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీకు మాత్ర పనిచేయడం లేదా, మాత్ర నచ్చడం లేదా?" నేను తడబడ్డాను. "ఎప్పుడు వేసుకొంటారు?" అన్నారు. ఫలహారం, కాఫీ ముగించి అన్నాను. భోజనానికి అరగంట ముందు వేసుకోవలసిన మందును పదకొండేళ్ళు భోజనానంతరం వేసుకొన్నానన్నమాట! ప్రశ్నపత్రం చదవకుండానే జవాబులు రాసిన విద్యార్థులను ఎందరినో మందలించినవాణ్ణి, తలవంచుకొన్నాను.

ఆయన పరీక్షలు రాశారు. ఎండోస్కోపీలో పుండు లేదు, చిన్న హెర్నియా ఉంది. అన్నవాహిక కండరాల బలాన్ని కొలిచే పరీక్ష బాగానే ఉంది. వారం రోజులు మాత్ర మాని, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి ఇరవైనాలుగు గంటలు ఆమ్లాన్ని కొలిచారు. అన్నవాహికలో ఆమ్లం నిలిచిన కాలం నూటికి అయిదు పాళ్ళు. నాలుగు లోపైతే సహజం, ఆరు దాటితే వ్యాధి నిశ్చయం. నాది నడిమి సందిగ్ధం. "గుండెమంట కోసమైతే ఫలితం గురించి ధైర్యంగా చెప్పగలను. గొంతు కోసమైతే అంత ధైర్యంగా చెప్పలేను. పైగా కొన్నేళ్ళకు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టినవారూ ఉన్నారు" అన్నారాయన. కత్తి చేతిలో ఉన్నవాడు ఇంత నిజాయితీగా మాట్లాడటం నాకు నచ్చింది.

ఆరు నెలలు గడువడిగాను. మాత్ర వేళకు వేసుకొన్నాను. రాత్రి తొమ్మిదింటి భోజనం ఏడింటికి మార్చాను. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చేశాను. ఎడమవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకొన్నాను. రాత్రిపూట ఆవకాయకు సెలవిచ్చాను, ఇది అన్నిటికన్నా కష్టం. మంట దాదాపు పోయింది. గొంతు కొంత తేరుకొన్నది.

ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం అని పాఠం చెప్పేవాణ్ణి. లెక్కల మాస్టారికి ఈ శస్త్రచికిత్స నిత్యంతో సమానం. నాకు వైకల్పికం. చేయించుకోవద్దని నిశ్చయించుకొన్నాను. శాశ్వతంగా కాదు. వేళకు వేసుకొన్న మాత్ర కూడా ఓడిపోయిననాడు మళ్ళీ ఆలోచిస్తాను. అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించుకొంటున్నాను. ముద్ద దిగకపోయినా, అకారణంగా బరువు తగ్గినా, మలం నల్లబడినా మాత్రం మీమాంసలు కట్టిపెట్టి వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే.

2025 ఉగాదికి మళ్ళీ వేదిక ఎక్కాను. నాలుగు పద్యాలు చదివాను. నాలుగవదాని చివరి పాదంలో గొంతు జీరబోయింది. మూడు దక్కాయి, చాలు.