ఇంజనాయిల్ ముల్లు

మార్చి 9, 2025, ఆదివారం

పార్సిల్ వచ్చింది. 52 మిల్లీమీటర్ల ఆయిల్ వేడి మీటరు, సెన్సరు, ఇంజన్ బ్లాకుకీ ఆయిల్ ఫిల్టరుకీ మధ్య బిగించే శాండ్‌విచ్ ప్లేటు. మెకానిక్ భాయ్ డబ్బా అటూ ఇటూ తిప్పి, "ముల్లు మధ్యల ఉంటే ఇంజన్ మంచిగున్నట్టే గదా సార్, ఇంకో మీటరెందుకు?" అన్నాడు.

ఆ ముల్లు కూలెంటుది. నా 2002 నాటి హోండా సిటీ వీటెక్‌లో బండి తీసిన కాసేపటికే మధ్యకొచ్చి కూర్చుంటుంది. కూలెంటు వేడి కొన్ని డిగ్రీలు మారినా కదలదు; నడిపేవాడు కంగారు పడకూడదని కంపెనీలు కావాలనే అలా చేస్తాయి. హాస్టల్ పిల్లాడు ఇంటికి రాసే క్షేమ సమాచారం లాంటిది అది. ఆ సమయానికి ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదు. 10డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 దగ్గర దాదాపు ఆరు రెట్లు చిక్కన. యాక్సిలేటర్ మీద కాలు వేసేముందు నాకు తెలియాల్సింది అదీ.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్నదే అసలు తగువు. ఇంజన్ అడుగున ఆయిల్ ఛాంబర్ డ్రెయిన్ బోల్టు స్థానంలో పెట్టడం తేలిక. కానీ మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు తెలిసినవాడెవడూ అక్కడ వైరు వేలాడదీయడు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ రంధ్రం దగ్గర టీ జాయింటు వేస్తే అందులో ఆయిల్ పారదు, నిలబడి ఉంటుంది. వేడి తక్కువ చూపిస్తుంది. ఇక ఫిల్టరు దగ్గరే. పంపు ఛాంబర్‌లోంచి లాగిన ఆయిల్ అంతా అటుగానే పోతుంది. అయితే అక్కడ తెలిసేది బేరింగుల్లోకి వెళ్ళబోయే ఆయిల్ వేడి. వాటిలోంచి బయటికొచ్చేది ఇంకా వేడిగా ఉంటుంది, దాని సంగతి ఈ మీటరు చెప్పదు.

మార్చి 15, శనివారం

ప్లేటు రంధ్రంలో సెన్సరు రెండు చుట్లు హాయిగా తిరిగి పట్టేసింది. బలం పెట్టకుండా రెండూ జేబులో వేసుకుని రాణిగంజ్‌లో ఒక కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన చూడీల (థ్రెడ్ల) గేజి పెట్టి చూసి, "సెన్సరు అమెరికాది, ప్లేటు బ్రిటిష్‌ది" అని తేల్చేశాడు. రెంటినీ ఎనిమిదో వంతు అంగుళమనే అంటారు, చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. అమెరికా ఎన్‌పీటీకి అంగుళానికి 27 చూడీలు, 60 డిగ్రీల కోణం. బ్రిటిష్ బీఎస్‌పీకి 28, కోణం 55. పానాతో లాగి ఉంటే మెత్తటి అల్యూమినియం చూడీలు రాలిపోయేవి. హోండా ప్రెషర్ స్విచ్ రంధ్రంలోనూ ఉండేది ఈ బ్రిటిష్ చూడీయే. అమెరికా సెన్సరు తెచ్చి అందులో దూర్చి ఏకంగా బ్లాకే పగలగొట్టుకున్నవాళ్ళున్నారు.

వేరే సెన్సరు కొందామంటే మీటరుతో దాని లెక్క కుదరాలి. అందుకే లేత్ మీద ఇత్తడి అడాప్టర్ తీయించాను, వీలైనంత పొట్టిగా. పొడుగైతే సెన్సరు కొస ఆయిల్ దాకా చేరదు.

మార్చి 16, ఆదివారం

గిన్నెలో నీళ్ళు మరిగించి, అడుగు తగలకుండా సెన్సరు వేలాడదీశాను. పక్కన పాత బ్యాటరీ, మీటరు. హైదరాబాద్ ఎత్తులో నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. ముల్లు 97 చూపింది, చాలు. "ఆ గిన్నె ఇక నా వంటింట్లోకి రావద్దు" అంది మా ఆవిడ. న్యాయమే.

మరుగుతుండగానే సెన్సరు ఒంటికి పెట్టిన ఎర్త్ క్లిప్పు వదులు చేసి చూశాను. ముల్లు పడిపోయింది. వేడెక్కేకొద్దీ ఈ సెన్సరు రెసిస్టెన్స్ తగ్గుతుంది, కాబట్టి ఎర్త్ చెడితే మీటరుకి ఆయిల్ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంజన్ మాడుతున్నా "చల్లగానే ఉంది" అనే మీటరు కంటే మీటరు లేకపోవడం నయం.

మార్చి 22, శనివారం

బిగించాం. ఈ ఇంజన్‌కి ఫిల్టరు వెనక, ఫైర్‌వాల్ వైపు ఉంటుంది. కింద పడుకుని చేయి దూర్చిన భాయ్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. టెఫ్లాన్ టేపు చుట్టబోతే ఆపాను. ఒంటి వైరు సెన్సరుకి ఎర్త్ చూడీల గుండానే రావాలి, టేపు దట్టమైతే అది తెగుతుంది. సీలెంట్ కొద్దిగా రాశాం. సెన్సరు ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటరు ఒక ఓమ్ కూడా చూపలేదు. ఇగ్నిషన్ లైను నుంచి చిన్న ఫ్యూజుతో కరెంటు, పార్కు లైటు నుంచి మీటరు వెలుగు. వైరింగ్‌లో చెప్పుకోవాల్సింది ఇంకేం లేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది పచ్చడి తిని ఔటర్ రింగ్ రోడ్డెక్కాను. కూలెంటు ముల్లు మధ్యకొచ్చేసరికి ఆయిల్ 52 డిగ్రీలు. 80 దాటడానికి ఇంకో పావుగంట. 120 వేగంలో నిలకడగా పోతుంటే 108. శంషాబాద్ దగ్గర దిగి ట్రాఫిక్‌లో పాకుతుంటే తగ్గుతూ 99కి వచ్చింది. ఆయిల్‌ని కాచేది ట్రాఫిక్ కాదు, ఆగకుండా తిరిగే ఆర్‌పీఎం.

ఏప్రిల్ 12, శనివారం

శ్రీశైలం. కృష్ణ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసుకుని రెండో గేరులో 117 దాకా పోయింది. పైన చదును రాగానే దిగింది. భాయ్‌కి ఫోన్ చేసి చెబితే, "20డబ్ల్యూ-50 పోసేద్దాం సార్" అన్నాడు. 117కి అంత చిక్కనిది అక్కర్లేదు. ఎండాకాలానికి 10డబ్ల్యూ-40 పోయిద్దాం. 130 దాటి అక్కడే నిలబడిన రోజున ఆయిల్ కూలర్ మాట ఎత్తుదాం.