పదిహేనుగురు అన్నదమ్ములూ ఒక గాజు గొట్టమూ

డిగ్రీ కెమిస్ట్రీలో లాంథనైడ్ల వేర్పాటు నాలుగు మార్కుల ప్రశ్న. దానికోసం మేం నెల రోజులు సారు వెంటపడ్డాం. కారణం ఉంది. మాలో ముగ్గురివి భీమునిపట్నం పక్క ఊళ్ళు. అక్కడి సముద్రపు ఇసుకలో నల్లటి చారలు మేం చిన్నప్పటి నుంచి తొక్కినవే. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనీ, దానితోపాటే కొద్దిగా మోనజైట్ ఉంటుందనీ, విరళ మృత్తికలు అందులోనే ఉంటాయనీ సారు చెప్పగానే మాకు నిద్ర పట్టలేదు. రేపు అలాంటి ఇసుకను శుద్ధిచేసే ప్లాంటుకి పనికి వెళితే, గేటు దగ్గర బస్తాలు మోసేవాళ్ళుగా వెళతామా, కెమిస్టులుగా వెళతామా?

చిక్కేమిటంటే, ఈ మూలకాలు ఒక్క పోలికతో పుట్టిన అన్నదమ్ములు. లాంథనం అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లు, లుటీషియంది 86. పద్నాలుగు మెట్లు దిగితే తేడా 17 మాత్రమే! అమెరికాలో చార్లెస్ జేమ్స్ అనే ఆయన 1911లో శుద్ధమైన థూలియం కోసం దాదాపు 15,000 సార్లు స్ఫటికీకరణ చేశాడట. ఆ ఓపికకు దండం పెట్టాలి.

అయాన్ వినిమయం ఈ కష్టాన్ని గొట్టానికి అప్పజెప్పింది. 1940లలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో స్పెడింగ్ బృందం రెసిన్ గుళికలు నింపిన పొడవాటి గొట్టాల్లో వీటిని పట్టించి, పైనుంచి సిట్రిక్ ఆమ్లపు ద్రావణం పోసింది. అదే, మన నిమ్మకాయలోని ఆమ్లం. చిన్న అయాన్‌ను సిట్రేట్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అది రెసిన్‌ను వదిలి ముందుకు జరుగుతుంది. మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ ఊడుతుంది. ఒక్కసారికి వచ్చే తేడా ఏపాటిది? అడుగుకు చేరేలోపు లెక్కలేనన్నిసార్లు జరిగేసరికి లుటీషియం ముందు, లాంథనం చివర, వరుసగా బయటికొస్తాయి. అంతవరకు ఎవరూ పట్టుకోలేని 61వ మూలకం ప్రొమీథియంను 1945లో గుర్తించింది కూడా ఈ పద్ధతితోనే. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా ద్రావణి నిష్కర్షణ వాడుతున్నారు. గొట్టం మాత్రం అతిశుద్ధమైన సరుకు కొద్దిగా కావలసినచోట ఇంకా ఉంది.

మా ల్యాబులో లాంథనైడ్లు ఎక్కడివి? సారు నీళ్ళ ప్లాంటువాళ్ళని అడిగి గుప్పెడు రెసిన్ తెచ్చారు. బ్యూరెట్‌లో నింపి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత నీళ్ళతో బాగా కడిగి, మైలుతుత్తం ద్రావణం పోశాం. పైన నీలం పోస్తుంటే కింద రంగులేని చుక్కలు! నీలి లిట్మస్ పెడితే ఎర్రబడింది. రాగి లోపలే ఆగి, హైడ్రోజన్‌ను బయటికి పంపిందన్నమాట. మెస్ గంట కొట్టినా ఒక్కడూ కదల్లేదు. ఆ రోజు సాంబారు అయిపోయింది, చారుతో తిన్నాం.

తమ్ముళ్ళూ, ఆ రెసిన్ ల్యాబు బీరువాలో, కింది అరలో, సీసాలో ఉంది. ఎండిపోనివ్వకండి. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయండి. తాళం అటెండరు గారి దగ్గర ఉంటుంది.