రెండు క్షణాల సంతకం

మన ఇళ్ళల్లో సంతకం విలువ తెలియనివారు లేరు. చెక్కు మీద గీత వంకర పోతే బ్యాంకువారు డబ్బివ్వరు. ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్నగారి సంతకం లేకపోతే పిల్లవాడికి బడిలో నిలబడక తప్పదు. కాని ఆటగాడి సంతకానికి వెనక పెళ్ళిపనులంత తతంగం ఉంటుందని మావాడి వల్లనే నాకు తెలిసింది.

మేముండేది హుస్సేనీ ఆలంలో. ఒకనాడు పౌడరు డబ్బా కనిపించక ఇల్లంతా వెతికాను. చూద్దును కదా, మావాడు క్రికెట్ కార్డులు చాపమీద పరుచుకుని, ఒక్కొక్కదానికి దూదితో పౌడరు అద్దుతున్నాడు! పెళ్ళికూతురికైనా అంత శ్రద్ధగా అద్దరు సుమండీ.

“ఇదేం వేషంరా?” అన్నాను.

“నున్నటి కార్డుమీద సిరా నిలవదమ్మా. పూసలు కట్టి జారిపోతుంది. కాస్త పౌడరు అద్ది మెత్తటి గుడ్డతో తుడిచేస్తే అప్పుడు పెన్ను పడుతుంది.”

అక్కడితో అయిందా? లేత రంగు బొమ్మకు నీలం మార్కరు కావాలి. నల్లటి బొమ్మకు వెండిరంగు పెయింటు పెన్ను కావాలి. ఆ పెన్నును ముందే బాగా కుదిపి, చిత్తుకాగితం మీద నొక్కి, సిరా ములికిలోకి దింపాలి. లేకపోతే కార్డుమీద బొట్టు పడుతుంది. కార్డును ప్లాస్టిక్ తొడుగులోంచి ముందే తీసి, గట్టి అట్టకు ఆనించి పట్టుకోవాలి. సంతకం అయ్యాక వేలు తగలకూడదు, పూర్తిగా ఆరేదాకా తొడుగులో పెట్టకూడదు.

“ఇంతకీ సంతకానికి ఎంతసేపు పడుతుందిరా?”

“రెండు క్షణాలమ్మా. ఆ రెండూ మనం పెన్ను మూత తీయడానికే పోకూడదు కదా!”

నేను మరి మాట్లాడలేదు.

మన ఊళ్ళో మొదటి టెస్టు 1955 నవంబరులో, ఫతే మైదానంలో, న్యూజీలాండుతో జరిగింది. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. ఆ కాలపు సంతకాల పుస్తకాలకు పౌడరుతో పనిలేదు. కాగితం సిరాను దానంతటదే పీల్చుకునేది. అలాగని బొమ్మల కార్డులు నిన్న మొన్నటివి కావు. 1896లోనే ఇంగ్లండులో విల్స్ కంపెనీ సిగరెట్టు పెట్టెల్లో క్రికెటర్ల కార్డులు వేసింది. మన పిల్లలకు 1980లలో బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో అవి చేరాయి. కార్డుమీద వేసిన పరుగులూ వికెట్లూ కూడబెడితే బహుమతి ఇచ్చేవారు.

మా తమ్ముడికి ఆ పిచ్చి ఉండేది. గమ్ కోసం మహబూబ్ చౌక్ గడియారస్తంభం దాకా నడిచేవాడు. వాడు పోయి నాలుగేళ్ళయింది. వాడి రేకుడబ్బా మేనల్లుడికి వచ్చింది. అందులో హైదరాబాదు ఆటగాడి కార్డు ఒకటి ఉంది. దాని వెనక పెన్సిలుతో, వంకర అక్షరాలతో, మా తమ్ముడి పేరూ తరగతీ ఉన్నాయి.

కార్డులు కొనే ఆయన ఒకరు చూసి, “ఆ రాత చెరిపేయండి. రాత ఉంటే ధర పడిపోతుంది” అన్నారు. “రబ్బరు పెడితే పోతుందిగా!” అన్నారు మావారు కూడా. నా గుండె గుభేలుమంది. అయినా, “డబ్బా మామయ్య నీకిచ్చాడు. నీ ఇష్టం” అన్నాను మావాడితో.

వాడు రెండురోజులు ఏమీ అనలేదు. మూడోరోజున అదే డబ్బాలోంచి చిరిగిన కార్డు ఒకటి తీసి, దానిమీద మార్కరుతో గీశాడు. తిప్పి చూస్తే సిరా వెనక్కి ఊరింది. తర్వాత బాల్‌పెన్నుతో గీశాడు. ఊరలేదు.

“దీనికి పౌడరు వద్దమ్మా. ముతక అట్ట, రుద్దితే బొమ్మే లేచిపోతుంది. మార్కరైతే మామయ్య పేరు మీదికి దిగుతుంది. బాల్‌పెన్నే తీసుకెళతాను” అన్నాడు. రబ్బరు ఊసే ఎత్తలేదు.

ఆ ఆటగాడి పేరు చెప్పను, పెద్దమనిషి. ఒక సభకు వచ్చారు. చుట్టూ జనం. మావాడు తక్కిన కార్డులన్నీ సంచిలోనే ఉంచి, ఆ ఒక్కటే చాచాడు. ఆయన సంతకం చేశారు. కార్డు తిప్పి చూశారు.

“ఇదెవరి పేరు?”

“మా మామయ్యది సార్. ఇప్పుడు లేరు.”

ఆయన ఆ పేరు ఒకసారి పైకి చదివారు. సంతకం చెదరకుండా అంచులు పట్టుకుని కార్డు తిరిగి ఇచ్చారు. అంతే. వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు.

మావారు దానికి ఫ్రేము కట్టిద్దామన్నారు. గోడకు తగిలిస్తే ఒకవైపు కనిపించదని మావాడు ఒప్పుకోలేదు. ఎండ తగిలితే సిరా వెలుస్తుందని తొడుగులో పెట్టి బీరువాలో దాచాడు. పైకి ఏ వైపు ఉండాలన్నది మాత్రం మా ఇంట్లో ఇంకా తేలలేదు. నేను బట్టలు సర్దేటప్పుడు ఒకవైపుకు తిప్పుతాను. మర్నాటికి అది రెండోవైపుకు తిరిగి ఉంటుంది.