కందికాయల కాలంలో కరీబియన్ సూపు

ప్యూర్టోరికో దీవిలో క్రిస్మస్ రోజులంటే పచ్చి కందికాయల కాలం. అప్పుడు అక్కడి పొయ్యిల మీద ఓ చిక్కటి సూపు ఉడుకుతుంటుంది. పచ్చి కందిగింజలు, గుమ్మడి ముక్కలు, వాటి నడుమ పచ్చి అరటికాయ తురుముతో చేసిన చిన్న చిన్న ఉండలు. స్పానిష్‌లో దాని పేరు బారెడు: సోపా దే గాందూలెస్ కోన్ బోలితాస్ దే ప్లాతనో. నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, సరుకుల చిట్టా చూస్తే చాలు. అదే చలికాలంలో హుకుంపేట వారపు సంతకు సంచి పట్టుకెళ్తే ఆ చిట్టాలో ముప్పాతిక వంతు ఒక్క చుట్టులో దొరికిపోతుంది.

హుకుంపేట అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం. చుట్టుపక్కల గూడేల నుంచి దిగే ఆడవాళ్లు కందికాయలు, చిక్కుళ్లు, అల్లం, పసుపు, గుమ్మడికాయలు పోగులు పోసి అమ్ముతారు. పెరట్లో కాసిన అరటి అత్తాలూ వాటి పక్కనే ఉంటాయి. ఏజెన్సీలో పచ్చి కందికాయల్ని ఉప్పేసి ఉడకబెట్టి, చలిమంట దగ్గర కూర్చుని ఒలుచుకు తినడం మామూలే. వాటిని సూపులో వెయ్యాలన్న ఆలోచనే సముద్రాల అవతలిది.

కంది మాత్రం ఇటువైపుదే. సాగు కందికి మూలమని శాస్త్రజ్ఞులు భావించే అడవి జాతి తూర్పు కనుమల్లోనూ, ఒడిశా, బస్తరు అడవుల్లోనూ ఇప్పటికీ పెరుగుతోంది. ఒడిశా తవ్వకాల్లో మూడు వేల ఏళ్లు దాటిన కందిగింజలు బయటపడ్డాయి. ఇక్కడి నుంచి ఆఫ్రికాకు, అక్కడ నుంచి బానిసల ఓడల కాలంలో కరీబియన్ దీవులకు చేరింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. ఈ పంట ఎన్ని దేశాల మట్టి తొక్కి వచ్చిందో ఆ సంఖ్యే చెబుతుంది.

అరటి దారి మరొకటి. ఆగ్నేయాసియా, న్యూగినీ ప్రాంతాల్లో పుట్టి, ఆఫ్రికా మీదుగా కానరీ దీవులు చేరింది. తోమాస్ దే బెర్లాంగా అనే క్రైస్తవ సన్యాసి 1516లో అక్కడి నుంచి పిలకలు తెచ్చి సాంతో దొమింగోలో నాటించాడని స్పానిష్ చరిత్రకారుడు ఒవియెదో రాశాడు. చెరకు తోటల యజమానులకు అది బాగా కలిసొచ్చింది. ఒకసారి నాటితే పిలక మీద పిలక, కూలి లేని మనుషులకు చవకలో కడుపు నిండే తిండి. ఆ కాయను దంచి, తురిమి, ఉండ చేసి తినే పద్ధతుల్లో చాలావాటిని బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్లే తెచ్చారు. సూపు కథ చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేసి తాటిచెట్లూ సముద్రతీరమూ వర్ణించడం బోలెడు వంట పుస్తకాలకు అలవాటు.

బదులుగా అటునుంచి ఇటు వచ్చినవీ తక్కువేం కాదు. మిరప, టమాటా, గుమ్మడి, అరకు కొండల్లో ఇప్పుడు వాణిజ్య పంటగా నిలిచిన రాజ్మా, అన్నీ అమెరికా ఖండాల పుట్టుకే. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో పెంచే జాఫ్రా కూడా అంతే. దాని ఎర్రటి గింజల్ని ఇక్కడ రంగు కోసం అమ్ముతారు, ప్యూర్టోరికోలో అవే గింజలు నూనెలో కాచి, ఆ నూనెను కూరల్లో పోస్తారు.

తెలుగువాళ్లు కూడా కరీబియన్ దీవులకు వెళ్లారు. 1853లో మార్తినీక్‌కు, 1854లో గ్వాదెలూప్‌కు దక్షిణాది కూలీల ఓడలు మొదలయ్యాయి. మద్రాసు రేవు నుంచి బ్రిటిష్ గయానాకు వెళ్లినవి వేరు. ఆ కూలీల్లో తమిళులు ఎక్కువ, వాళ్లతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో పచ్చి అరటికాయ, కర్రపెండలం, చేమదుంపలు కొబ్బరిపాలల్లో ఉడికించే 'మెటెమ్‌జీ' అనే వంటకం ఉంది. ఆఫ్రికన్ల చేతిలో పుట్టిన ఆ వంటకం ఇప్పుడు అందరిదీ అయింది.

ఇక వంట. నలుగురికి రెండు పెద్ద బొంత అరటికాయలు, ఒలిచిన పచ్చి కందిగింజలు గ్లాసున్నర, ఓ మోస్తరు గుమ్మడి ముక్క, ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, ఒక క్యాప్సికం, రెండు టమాటాలు, గుప్పెడు కొత్తిమీర, అర చెంచా జీలకర్ర, ఒక నిమ్మకాయ. ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం, కొత్తిమీర రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. కొంచెం వెల్లుల్లి విడిగా ఉంచుకోవాలి. నూనెలో జాఫ్రా గింజలు సన్న సెగ మీద కాచి, నూనె నారింజ రంగుకు తిరగ్గానే గింజల్ని తీసేయాలి. మాడితే చేదు. అవి లేకపోతే చిటికెడు పసుపుతో సరిపెట్టుకోవచ్చు. ఆ నూనెలో జీలకర్ర, దంచిన ముద్ద, టమాటాలు మగ్గాక కందిగింజలు, ఆరేడు గ్లాసుల నీళ్లు. మాంసం తినేవాళ్లు నీళ్లకు బదులు నాటుకోడి ఎముకల రసం పోసుకుంటే మరీ మంచిది. హుకుంపేట దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది కనుక నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గింజ మెత్తబడడానికి మైదానంలో కన్నా కాస్త ఎక్కువసేపు ఓపిక పట్టాలి. సగం ఉడికాక గుమ్మడి ముక్కలు వెయ్యాలి.

అసలు పనితనమంతా అరటికాయ దగ్గరుంది. మన వంటల్లో దాన్ని ముక్కలు కోసి వేయిస్తాం, ఉడకబెట్టి ఆవ పెడతాం, చక్రాలుగా తరిగి బజ్జీ వేస్తాం. ఇక్కడ ఉడకబెట్టే ప్రసక్తే లేదు, పచ్చిగానే తురమాలి. చేతులకు నూనె రాసుకోకపోతే జిగురు వేళ్లకు పట్టి నల్లగా మిగిలిపోతుంది. తొక్క తీసిన కాయను ఉప్పునీళ్లలో ఉంచి, తురుముపీట సన్నపు వైపు రుద్దితే తెల్లటి ముద్ద దిగుతుంది. చూస్తుండగానే గులాబీ ఛాయకు, ఆ తర్వాత బూడిద రంగుకు తిరుగుతుంది. గాలి తగిలి జరిగే మార్పు అది, కంగారు పడి పారబోయక్కర్లేదు. ఉప్పు, విడిగా ఉంచిన వెల్లుల్లి కలిపి ఉసిరికాయంత ఉండలు చేసి, తెర్లుతున్న రసంలో ఒక్కొక్కటే జారవిడవాలి.

కరీబియన్ కాయకూ బొంతకూ ఒక తేడా ఉంది. అక్కడిది కేరళ నేంద్రన్‌కు దగ్గరి చుట్టం, గట్టిగా, పొడిగా ఉంటుంది. బొంతలో తడి ఎక్కువ. తురుము జారుగా వస్తే గుడ్డలో పిండి, చెంచాడు బియ్యప్పిండి కలపాలి. గుడ్డు అక్కర్లేదు, కాయలోని పిండిపదార్థమే ఉండను పట్టి ఉంచుతుంది. మునిగిన ఉండలు పైకి తేలాక కూడా మరో పది నిమిషాలు ఉడకనివ్వాలి. తొందరపడి దించితే నడుమ పచ్చివాసన కొడుతుంది. క్యూబాలో కాయ చక్రాలు వేయించి, రసంలో ఉడికించి మెదిపేసే సూపు ఇంకొకటి ఉంది. అది సులువే గానీ, పంటికింద తగిలే ఉండల సూపుదే పైచేయి.

అరటికి గాలివాన శత్రువు, ఇక్కడైనా అక్కడైనా. 1780ల్లో జమైకాలో తుపానులు అరటి తోటల్ని పడగొట్టి వేల మంది బానిసలను ఆకలికి చంపాయి. పడిపోని తిండి చెట్టు కావాలనే 1793లో కెప్టెన్ బ్లయ్ పసిఫిక్ నుంచి సీమపనస మొక్కలు తెచ్చాడు. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికో అరటిని నేలకూల్చింది. అంతకు మూడేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఈ కొండల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లనూ అరటినీ ఒకే వరసన పడుకోబెట్టింది. అరటి మాత్రం దుంప బతికుంటే పిలకేసి మళ్లీ లేస్తుంది. కొత్త కాఫీ తోటకు నీడ పెరగాలంటే ఏళ్లు పట్టాలి.

సూపు దించాక నిమ్మరసం, పచ్చి కొత్తిమీర. ప్యూర్టోరికోలో పక్కన అన్నమో అవకాడో ముక్కలో ఉంటాయి, హుకుంపేటలో సామ అన్నం దానికి దివ్యంగా జోడీ. రాత్రి మిగిలితే తెల్లారేసరికి పిండి బిగుసుకుని గరిటె నిలబడేంత ముద్దవుతుంది. వేణ్నీళ్లు పోసి, సన్న సెగ మీద కలుపుతూ వేడిచేస్తే మళ్లీ జారుకొస్తుంది. ఉప్పు అప్పుడు ఇంకోసారి చూసుకోవాలి, నిమ్మకాయ కూడా కొత్తది పిండుకోవాలి.