ఆరు వేలల్లో వాటా

మొగుడు నెలజీతగాడైతే మనోవర్తి అడగడానికి ఎవరూ సందేహించరు. మరి కాలు పోయి, సర్కారిచ్చే పింఛనుతో బతికే మనిషిని "నీ కూతురి తిండికీ చదువుకీ డబ్బియ్యి" అని అడగొచ్చా? మా ఇంట్లో పనిచేసే ఆమెకొచ్చిన సందేహమిది.

ఆమె భర్త తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడి కాలు పోగొట్టుకున్నాడు. తర్వాత భార్యతో పడక తల్లి పంచన చేరాడు. సదరం సర్టిఫికెట్టుంది కనుక, 2024లో మన ఆంధ్రలో పెంచిన ఆరు వేలూ నెలనెలా చేతికొస్తాయి. పిల్ల ఏడో తరగతి.

చట్టం లేకేం? క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 125వ సెక్షనుండేది. 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో అది 144 అయింది. నంబరు మారినా మెలిక ఒకటే. తగిన స్తోమతు ఉండి కూడా బిడ్డను పోషించని తండ్రినే అది నిలదీస్తుంది. పింఛను స్తోమతేనా?

అమెరికాలో ఈ సొమ్ము రెండు రకాలు. ఉద్యోగం చేసిన రోజుల్లో జీతంలోంచి కట్టినదాన్నిబట్టి వచ్చేది ఒకటి. అందులోంచి బిడ్డ పోషణకు కోత వెయ్యొచ్చు. పైగా మైనరు బిడ్డకు, తండ్రికొచ్చేదాంట్లో సగందాకా, విడిగా రావచ్చు. చాలా రాష్ట్రాల్లో కోర్టులు దాన్ని తండ్రి చెల్లించినట్టే జమకట్టుకుంటాయి. రెండోది బొత్తిగా లేనివాళ్ళకిచ్చే సాయం. దాన్ని బిడ్డ కోసమైనా జప్తు చెయ్యరు.

మన ఆరు వేలు ఆ రెండో రకానికి చుట్టం. బిడ్డ పేర విడిగా పైసా రాదు. కొలిచి పెట్టిన అన్నంలోంచి పిడికెడు తియ్యమనడానికి నాకు నోరు రాలేదు. అలాగని, కాలుతోపాటు తండ్రి బాధ్యతా పోయిందంటే ఒప్పుకోను!

ఆమే తేల్చేసింది. "ఆ డబ్బు మందులకే చాలదమ్మా, నాకొద్దు. వెనకగది అద్దెకిచ్చాడుగా, దాని మాటేంటి?"

అదండీ స్తోమతంటే! 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి వ్యాజ్యాల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ రాసి ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలంది. అందులో పింఛనూ రాయాలి, అద్దే రాయాలి. మందుల ఖర్చు అతనూ చెప్పుకోవచ్చు. వకీలు ఫీజు బెంగ కూడా అక్కర్లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

గది అద్దె రెండున్నర వేలట. పిల్లకి పాలు, నోటుపుస్తకాలు, చెప్పులు... ఎంత అడగాలో ఇద్దరం లెక్కలు కడుతున్నాం.