పూంబారై పొగలో దాచుకునే వెల్లుల్లి

కొడైకెనాల్ అనగానే మనకి సరస్సులో పడవ షికారు, కోకర్స్ వాక్, పిల్లర్ రాక్స్, తిరిగొచ్చేటప్పుడు చాక్లెట్లు, యూకలిప్టస్ నూనె సీసాలు గుర్తొస్తాయి. ఈసారి వెళితే ఒక్క పూట మిగుల్చుకుని పూంబారై కూడా చూసి రండి. ఊళ్లోంచి సుమారు 18 కిలోమీటర్లే. రోడ్డు మలుపులో ఆగి చూస్తే కింద గిన్నెలాంటి లోయ, మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు, మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు కనిపిస్తాయి. ఊళ్లో కుళందై వేలప్పర్ గుడి ఉంది. బాలుడి రూపంలో ఉన్న మురుగన్ అన్నమాట. ఆ విగ్రహాన్ని భోగర్ సిద్ధుడు నవపాషాణాలతో చేశాడని భక్తుల నమ్మకం. పళని యాత్రకు వెళ్లే మనవాళ్లు చాలామంది ఇంత దగ్గరికొచ్చి కూడా ఈ గుడి చూడకుండానే తిరిగిపోతుంటారు.

ఇల్లాళ్లం కనుక మన కళ్లు పొలాల మీద కూడా పడతాయి. క్యారెట్, బంగాళాదుంప, బీన్స్, వాటితోపాటు వెల్లుల్లి! మనలో కొందరు ఎల్లిగడ్డ అంటారు, కొందరు తెల్లగడ్డ అంటారు. అక్కడివాళ్లు మలై పూండు, అంటే కొండ వెల్లుల్లి అంటారు. గడ్డ 20, 30 గ్రాములే తూగుతుంది గానీ ఘాటు ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు, మే ప్రాంతంలో ఒకసారి, నవంబరు ప్రాంతంలో ఒకసారి వేస్తారు. చాలాకాలం నిలవ ఉంటుందన్న పేరు దీనికి ఉంది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చలికి మొలక, పొగకి నిలవ

ఇక్కడో విచిత్రం ఉంది. వెల్లుల్లి నిద్రలేచి మొలకెత్తడానికి బాగా అనువైనది 5 నుంచి 18 డిగ్రీల చలి. కొండమీద రోజూ దాదాపు అదే వాతావరణం! పైగా మంచు, తేమ. మరి అక్కడ గడ్డ చెడకుండా ఎలా నిలుస్తుంది?

పొగతో. పీకిన మొక్కల్ని ఆకులతో సహా కట్టలు కట్టి, కప్పు కింద వాసాలకు వేలాడదీస్తారు. కింద కట్టెలు రాజేసి పొగ పెడతారు. వేడికి కాడ, పైపొరలు బాగా ఎండిపోతాయి. తేమ లోపలికి చేరదు, పురుగూ దరి చేరదు. మన అమ్మమ్మలు పొయ్యి పైన అటక మీద విత్తనాలు దాచుకోవడం గుర్తుందా? అదే సూత్రం. వెల్లుల్లికి వేరే గింజ ఉండదు, రెబ్బే విత్తనం. దాచిన కట్టలు కుళ్లితే ఆ ఇంటికి వచ్చే పంటకి విత్తనం లేనట్టే. అందుకే అంత శ్రద్ధ.

మన వంటింట్లో

2024 మొదట్లో కిలో నాలుగొందలు దాటిన రోజులు మర్చిపోలేదుగా! చవగ్గా దొరికినప్పుడు నాలుగైదు కిలోలు కొని దాచుకోవాలని ఎవరికుండదు? మనకి పొగ గదులు లేకపోయినా ఇవి చేయొచ్చు.

• పెరట్లో పండించుకున్నదైతే నీడలో, గాలి తగిలేచోట రెండు మూడు వారాలు ఆరనివ్వండి. కడగొద్దు, మట్టి దులిపితే చాలు. కాడ పూర్తిగా ఎండాకే అంగుళం ఉంచి కోయండి. కాడ పచ్చిగా ఉంటే కుళ్లు అక్కడినుంచే మొదలవుతుంది.

• కొనేటప్పుడు గడ్డని వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి. నల్ల బూజు, మెత్తదనం ఉన్నవి తీసుకోకండి, రెబ్బలు విడిపోయినవి వేరుచేసి ముందు వాడేయండి.

• ప్లాస్టిక్ కవర్లో మూటగట్టొద్దు. వల సంచీలోనో వెదురు బుట్టలోనో వేసి పొయ్యికి, సింకుకి దూరంగా వేలాడదీయండి.

• గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. పైన చెప్పిన చలే అక్కడా ఉంటుంది. బయటికి తీయగానే మొలకలొస్తాయి. ఒలిచిన రెబ్బలకైతే మాత్రం ఫ్రిజ్జే మేలు.

• పచ్చి రెబ్బల్ని నూనెలో వేసి బయట నిలవ ఉంచకండి సుమా! గాలి ఆడని నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదముంది. వాసనలో, రుచిలో తేడా కూడా తెలియదు. చేస్తే ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. ఉప్పు, పులుపు సరిగ్గా పడిన ఆవకాయ సంగతి వేరు.

ఎలా వెళ్లాలి?

రైల్లో అయితే కొడై రోడ్ స్టేషన్‌లో దిగి సుమారు 80 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఎక్కాలి. పళని నుంచైతే 65 కిలోమీటర్లు. సొంత బండి, టాక్సీలకి 2024 మే నెలలో ఈ-పాస్ పెట్టారు. బయల్దేరే ముందు ఆ నిబంధన కనుక్కోండి. స్వెట్టర్లతో పాటు ఒక గుడ్డ సంచీ కూడా పెట్టుకోండి. పైపొర ఎండి గలగలలాడే గడ్డలు ఏరుకుని ఒక కిలో తెచ్చుకుంటే, చాక్లెట్లు అయిపోయి నెలలు గడిచాక కూడా మీ పోపులో కొండ ఘాటు ఘుమఘుమలాడుతూనే ఉంటుంది.